నేలపట్టు రాకపోకల రిజిస్టరు

ఈ మధ్య ఎవరైనా "సార్, మీరు బర్డరంట కదా" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏదో కొత్త రోగం అంటగట్టినట్టు ఉంటుంది ఆ మాట. 1978 నుంచి నేలపట్టు చెరువు కట్ట మీద కూర్చుంటున్నాను. ఇంట్లో దాన్ని ఆదివారం పిచ్చి అన్నారు. ఊళ్లో నన్ను కొంగల సారు అన్నారు. రెండింటికీ మారుమాట్లాడకుండా పలికాను. బర్డర్ అనే పిలుపుకు మాత్రం ఈ డెబ్బై నాలుగేళ్ల వయసులో పలకడం నావల్ల కాదు.

నేను రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరి, ఉద్యోగమంతా గూడూరు - మద్రాసు లైన్లోనే వెళ్లదీశాను. మా పని రాకపోకలు రాయడం. ఏ బండి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చింది, ఎన్నింటికి పోయింది, ట్రైన్ సిగ్నల్ రిజిస్టరులో నిమిషం తేడా లేకుండా ఎక్కించాలి. ఆ అలవాటు ఆదివారం కూడా చేతిని వదల్లేదు. నోటుబుక్కులో అవే గడులు గీసుకున్నాను. బండి నంబరు రాసే చోట పక్షి పేరు, తర్వాత వచ్చిన తారీఖు, పోయిన తారీఖు, చివర రిమార్కులు. "గూడబాతులు, అక్టోబరు 19, పన్నెండు, గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున, కడప చెట్ల మీద వాలినవి." ఇట్లా పదకొండు నోటుబుక్కులు నిండాయి. పన్నెండోది నడుస్తోంది. దాన్ని చూసి మా మనవడు "దీన్నంతా ఎక్సెల్‌లో పెడితే ఐదు నిమిషాల పని తాతా" అన్నాడు. నలభై ఏడేళ్ల పని వాడికి ఐదు నిమిషాలు.

నేలపట్టు చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. దొరవారిసత్రం మండలంలో, నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ మధ్యన, హైవేకి దగ్గర్లోనే ఉంది ఊరు. 1976లో దీన్ని పక్షుల కేంద్రంగా ప్రకటించారు. మొత్తం 459 హెక్టార్లు. ఒక చెరువు, దాని వెనక అడవి. అడవంటే నల్లమల మాదిరి ఊహించుకోవద్దు. పాల చెట్లు, అల్లి, బలుసు, కలివి, పరికి కంపలు, మనిషి ఎత్తుకు కొంచెం పైన అల్లుకుపోయి ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే చిట్టడవి. చెరువులోనేమో నడుం లోతు నీళ్లలో నిలబడి బతికే కడప చెట్లు. కడప ఊరికీ వీటికీ ఏ సంబంధమూ లేదు. పూత కాలంలో ఎర్రటి పూసల దండల్లా వేలాడుతుంటాయి పూలు. ఆ చెట్ల నెత్తిన గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు అంతస్తులవారీగా కాపురం పెడతాయి. 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. పక్షులకు ఆ జీవో అందినట్టు లేదు, పాత అడ్రసుకే వస్తున్నాయి.

మా రోజుల్లో అక్కడికి పోవడమంటే సైకిలు. తెల్లవారుజామున మూడో నంబరు ప్యాసింజరుకు జెండా ఊపి, డ్యూటీ అప్పజెప్పి, టిఫిను డబ్బాలో చద్దన్నం, ఊరబెట్టిన మిరపకాయలు కట్టుకుని బయల్దేరేవాణ్ని. మెడలో మద్రాసు బర్మా బజారులో బేరమాడి కొన్న రష్యా బైనాక్యులర్. తోలు సంచిలోంచి తీస్తే ఇప్పటికీ అదే చెప్పుల కొట్టు వాసన. కుడి కంటి అద్దంలో బూజు పట్టి, చూసిన ప్రతి పక్షికీ ఎడమ రెక్క మీద చిన్న మచ్చ కనిపిస్తుంది. అలవాటైపోయింది.

కట్ట మీద నాకంటే ముందే ఒక యానాది పెద్దాయన ఉండేవాడు. గేలం వేసుకుని కూర్చునేవాడు. నన్ను "సామీ" అనేవాడు, నేను ఆయన్ను "తాతా" అనేవాణ్ని. మొదటి ఆరు నెలలు మా మధ్య పది మాటలు కూడా నడిచి ఉండవు. ఒకరోజు నేను బైనాక్యులర్ కళ్లకు ఆనించుకుని "పెలికాన్, పెలికాన్" అని నాలో నేను గొణుక్కుంటుంటే ఆయన నవ్వాడు.

"ఏంది సామీ ఆ పేరు? గూడబాతు గదా అది."

"గూడు పెద్దదనా తాతా?"

"గూడు గాదు, గూడ. నీళ్లు చల్లే గూడ చూళ్లేదా నువ్వు?"

నేను రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగినవాణ్ని. గూడ అంటే ఏమిటో ఆయనే చేతులతో చూపించాడు. కాలవ కంటే పొలం మెరకగా ఉంటే, ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి తాళ్లు కట్టిన బుట్టను ఊపుతూ ముంచి, నీళ్లు ఎత్తి పొలంలోకి పోస్తారు. అది గూడ. ఆయన అటు చెప్తుండగానే ఒక పక్షి నీళ్లలో ముక్కు ముంచి పైకెత్తింది. కింది దవడ కింద సంచి సాగి, నీళ్లతో బరువుగా వేలాడింది. తర్వాత ముక్కు కిందికి వంచితే నీళ్లు జారిపోయాయి, చేప మిగిలింది. ఎవరు పెట్టారో ఆ పేరు, ఇంజనీరులా పెట్టారు. ఇప్పుడు పొలాల్లో మోటార్లు వచ్చాక గూడ చూసినవాళ్లే లేరు. గూడు కట్టే బాతు కాబట్టి గూడబాతు అని బడిపిల్లలకు చెప్తున్న పెద్దమనిషిని మొన్న మధ్య నా చెవులారా విన్నాను. గూడు కట్టేది ఇదొక్కటేనా అయ్యా? అడగాలనిపించింది. అడిగాను కూడా. ఆయన నా వైపు చూసి, పిల్లల్ని ఇంకో వైపు తీసుకుపోయాడు.

తాత దగ్గర ఇట్లాంటి పేర్లు ఇంకా ఉండేవి. గరిటెను మా వైపు గెంటె అంటారు. ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉండే కొంగ ఆయనకు గెంటెముక్కు కొంగ. పశువుల వీపు మీద ఊరేగే తోక చీలిన నల్లపిట్ట పసులపోలిగాడు. నుదుట తెల్ల బొట్టున్న నల్లకోడి బొల్లికోడి. ఆ పేర్లలో పక్షి ఆకారం, దాని పని, అది తిరిగే చోటు, అన్నీ ఉన్నాయి. నూట ఎనభై ఏళ్ల నాడు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ అనే దొర ఈ సంగతి గ్రహించినవాడు. తర్వాత ఆయన రాసిన పక్షుల పుస్తకాల్లో ఇంగ్లీషు పేరు పక్కన తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ దొర పేరు మీదే ఒక పక్షి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ కడప జిల్లాలో మళ్లీ పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే ఊరికే కాదు. ఐతన్న అనే అక్కడి వేటగాడికి ఆ పిట్ట ముందే తెలుసు. అక్కడివాళ్లు దాన్ని కలివికోడి అనేవాళ్లు. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. శాస్త్రవేత్తలు ఎనభై ఆరేళ్లు లేదనుకున్న పక్షికి మన పల్లెల్లో పేరూ ఉంది, చిరునామా ఆ పేరులోనే ఉంది. అందుకే నేను పేర్ల దగ్గర మొండికేస్తాను.

ఇప్పటి సంగతికి వస్తాను. ఇప్పుడు ఆదివారం పొద్దున గేటు దగ్గర కార్లు ఆగుతాయి. చెన్నై నంబర్లు, బెంగళూరు నంబర్లు. దిగినవాళ్లు మిలిటరీ వాళ్లలా ఆకుపచ్చ మచ్చల చొక్కాలు వేసుకుని ఉంటారు. మా కానిస్టేబులు లాఠీ కంటే పొడుగ్గా ఉంటుంది కెమెరా ముందున్న గొట్టం. దానికీ అదే మచ్చల చొక్కా! వచ్చి నన్ను అడిగే మొదటి మాట, "సార్, ఇవాళ స్పెషల్ ఏముంది?" హోటల్లో సర్వర్ని అడిగినట్టు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "నాకు ఇక్కడ రెండు లైఫర్లు కావాలి" అన్నాడు. లైఫర్ అంటే మాకు తెలిసింది రాజమండ్రి జైల్లో యావజ్జీవం పడినవాడు. వీళ్ల భాషలో జన్మలో మొదటిసారి చూసిన పక్షి అట. చూసిన వెంటనే లెక్కలో వేసుకుని, ఇంక దాని మొహం చూడరు. టక టక టక టక మిషను గన్నులా వంద ఫోటోలు, వెంటనే తల వంచి చిన్న తెరలో చూసుకోవడం, "షార్ప్‌గా రాలేదు మచ్చా" అని ఒక నిట్టూర్పు. పక్షి ఎదురుగానే ఉంది నాయనా, తల ఎత్తు!

ముప్పావు గంట. గడియారం పెట్టి చూశాను. కట్ట ఎక్కిన దగ్గర్నుంచి కారు ఎక్కేదాకా సగటు మనిషి ఇక్కడ ఉండేది అంతసేపే. దాంట్లో టీ, సెల్ఫీ కూడా కలిపి. ఆ తర్వాత పులికాట్, అక్కడ రాజహంసలతో ఇంకో ముప్పావు గంట, మధ్యాహ్నానికి శ్రీసిటీ దాటేసి ఉంటారు.

ముప్పావు గంటలో ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో చెప్తాను. డిసెంబరులో ఒక గూటిని ఎంచుకుని దాని ఎదురుగా కూర్చోవాలి. చెట్టు నెత్తిన పుల్లలతో పేర్చిన వేదిక. కింద ఆకులన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లగా. గూట్లో మూడు పిల్లలు, పుట్టినప్పుడు ఒంటి మీద నూగైనా ఉండదు, తర్వాత తెల్లటి నూగు. పెద్ద గూడబాతులు దాదాపు మూగవి. గోలంతా పిల్లలదే. తల్లో తండ్రో చేపల కోసం పోయి ఉంటుంది. ఎక్కడికనుకున్నారు, ఇరవై కిలోమీటర్ల అవతల పులికాట్ దాకా కూడా పోతాయి. అవి తిరిగి రావడానికి గంట పట్టొచ్చు, మూడు గంటలు పట్టొచ్చు. మీరు కూర్చోవాలి. మొదటి గంట వీపు నొప్పి పుడుతుంది. రెండో గంట దోమలు. ఆ తర్వాత ఎప్పుడో, పిల్లలు మూడూ ఒక్కసారిగా గొంతు మారుస్తాయి. మీకు ఆకాశంలో ఏమీ కనపడదు. వాటికి కనపడింది. తూర్పున చిన్న చుక్క, చుక్క కాస్తా రెక్కలు కొట్టకుండా తేలుతూ దిగి, గూటి మీద బరువుగా కూలబడుతుంది. పెద్ద పిల్ల తల్లి సంచిలోకి తల దూరుస్తుంది. తల, మెడ, భుజాల దాకా లోపలికి పోతుంది. బయటికి రెండు పొట్టి రెక్కలు మాత్రం కొట్టుకుంటూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు తల్లి పిల్లను మింగుతోందని కంగారుపడతారు. ఇది నేను 1981 జనవరిలో మొదటిసారి పూర్తిగా చూశాను. అప్పటికి మూడు శీతాకాలాలు వెళ్లి కూర్చున్నాక. రిమార్కుల గడిలో "గమ్యస్థానం చేరినది" అని రాసుకున్నాను.

నాకు ఇంకా చల్లారని కోపాలు రెండున్నాయి, చెప్పక తప్పదు.

మొదటిది పొన్నంగి పిట్ట. చలికాలం ముందు ఉత్తరాది నుంచి దిగి మా చిట్టడవిలో ఆకుల కింద పురుగులు వెతుక్కుంటుంది. ఆకుపచ్చ, నీలం, పసుపు, కడుపు కింద కుంకుమ ఎరుపు, హిందీలో నవరంగ్ అంటారు. తమిళులు ఆరుమణి కురువి అంటారు, ఆరు గంటల పిట్ట. పొద్దున వెలుగు రాబోయే ముందు, మళ్లీ సాయంత్రం చీకటి పడేముందు రెండు ముక్కల ఈల వేస్తుంది. స్టేషన్ మాస్టరుకు ఇంతకంటే నచ్చే పక్షి ఉంటుందా? ఏటా రెండు మూడుసార్లు కనిపిస్తే అదృష్టం. ఆ పిట్ట కోసం వచ్చిన ఓ కుర్రాడు జేబులోంచి చిన్న స్పీకరు తీసి, దాని ఈలే రికార్డు వేశాడు. పాపం, తన చోటులోకి ఇంకోటి వచ్చిందనుకుని అది పొదలోంచి బయటికి పరుగెత్తుకొచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. మళ్లీ వేశాడు, మళ్లీ వచ్చింది. వందల మైళ్లు ఎగిరి వచ్చి ఒళ్లు అలిసిన ప్రాణి. నేను వెళ్లి స్పీకరు మీద చెయ్యి పెట్టాను. "బాబూ, నేను ముప్పై ఆరేళ్లు స్టేషన్లో పనిచేశాను. రాని బండి వచ్చిందని ఒక్కసారి కూడా అనౌన్స్ చెయ్యలేదు" అన్నాను. అతనికి అర్థం కాలేదు. పక్కనున్న అమ్మాయికి అయింది, నవ్వింది. ఆ అమ్మాయి గురించి తర్వాత చెప్తాను.

రెండోది పెళ్లి. పెళ్లి కూడా కాదు, పెళ్లికి ముందు తీసే వీడియో. కట్ట మీద ఎర్ర గౌను ఈడ్చుకుంటూ పెళ్లికూతురు, చెయ్యి పట్టుకుని పెళ్లికొడుకు, వీళ్ల నెత్తిన కందిరీగలా రొద పెట్టే డ్రోను. అది కడప చెట్ల మీదికి పోగానే చెరువంతా లేచింది. గూడబాతులు, కంకణాలు, నీటికాకులు అన్నీ ఒకేసారి. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు కూడా నేనిక్కడ కూర్చుని ఉన్నాను. దూరపు ఉరుము లాంటి మోత వస్తుంది, పక్షులు మెడలెత్తి చూసి మళ్లీ తమ పని చూసుకుంటాయి. ఆ డ్రోనుకు మాత్రం లేచాయి. "బ్యూటిఫుల్, బ్యూటిఫుల్, ఇంకో షాట్" అని కెమెరా అతను కేకలు. పెద్దవి లేచిన గూళ్ల మీద కాకులు వాలడం వాళ్లెవరూ చూడలేదు. నేను చూశాను. వాచరు పరుగెత్తుకొచ్చి ఆపించాడు గానీ, కాకులు తమ పని కానిచ్చాయి. ఆ రోజు రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాను.

2001 నుంచి సూళ్లూరుపేటలో జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తున్నారు. కోవిడ్ తర్వాత కొన్నేళ్లు ఆగి 2025లో మళ్లీ జరిగింది. స్టేజీ, సినిమా పాటలు, స్టాళ్లు, బడిపిల్లల బస్సులు. దాని మీద నేను సణిగితే మా ఆవిడ అడ్డం పడుతుంది: "మీరు ఒక్కరే చూసుకుంటే ఆ పక్షుల్ని ఎవరు కాపాడతారండీ?" సమాధానం లేదు నా దగ్గర. ఆ జనంలో ఒక్క పిల్లో పిల్లాడో మళ్లీ కట్ట ఎక్కితే చాలు, ఖర్చు గిట్టినట్టే. మైకు మాత్రం కొంచెం తగ్గించండి.

ఇంతా తిట్టాను కాబట్టి మా రోజుల గుట్టు కూడా విప్పాలి. అప్పట్లో అంతా భక్తీ శ్రద్ధే అనుకునేరు. సంతలో పరజ బాతుల్ని కాళ్లు కట్టి, తలకిందులుగా వేలాడదీసి అమ్మేవాళ్లు. నేనూ తిన్నాను. రుచి గుర్తుంది, అబద్ధం ఎందుకు. గూడబాతు కొవ్వు కీళ్ల నొప్పులకు మంచిదని ఒకడు సీసాల్లో పోసి అమ్మేవాడు. నొప్పి తగ్గినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. పిల్లల చేతుల్లో క్యాట్‌బాల్ లేని రోజు లేదు. వన్యప్రాణి చట్టం 1972లోనే వచ్చిందని మాలో చాలామందికి పదేళ్ల తర్వాత తెలిసింది. ఇప్పుడు నేలపట్టు పిల్లవాడు ఎవడూ పక్షి మీదికి రాయి విసరడు. విసిరితే వాళ్లమ్మే చెవి మెలిపెడుతుంది. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఆ ఊరి రైతులకు ఎప్పటినుంచో తెలుసు. పక్షులు రాని ఏడు వానల్లేని ఏడని కూడా తెలుసు. చిత్త, స్వాతి కార్తెల్లో వాన పడి చెరువు నిండితేనే వాటికి ఇక్కడ ఇల్లు. చెట్టు కింద నీళ్లుంటేనే అవి గూడు పెడతాయి. ఈ లెక్కలో రైతూ గూడబాతూ ఒకే పార్టీ.

పక్షి అలిగి పోతే ఏమవుతుందో కూడా మన తెలుగునాటే చూశాం. కేరళ నుంచి వచ్చిన ఇంగ్లీషు లెక్చరర్ కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు వైపు గూడబాతుల పెద్ద కాలనీని చూసి లోకానికి చెప్పాడు. 1970ల నడుమకల్లా అది ఖాళీ అయిపోయింది. ఇప్పుడు కొల్లేరు ఆటపాకలో గూళ్లు కట్టుకోవడానికి ఇనుప మంచెలు వేసి పెట్టారు. వచ్చాయి, కట్టుకున్నాయి, సంతోషమే. మా చెరువులో ఇంకా బతికున్న చెట్ల మీదే కడుతున్నాయని నాకు లోలోపల కొంచెం గర్వం. ఆ చెట్లు ముసలివయ్యాయి, నాలాగే. కొత్త మొక్కలు నాటుతున్నారు. అవి గూడబాతును మోసేంత చెట్లవ్వడం నాటిన రోజే అయిపోదు కదా.

ఇక ఆ అమ్మాయి. స్పీకరు కుర్రాడి పక్కన నవ్విన పిల్ల. నాయుడుపేటలో డిగ్రీ చదువుతోంది. తర్వాతి ఆదివారం ఒక్కతే వచ్చింది. చేతిలో ఫోను, అందులో మెర్లిన్ అనే యాప్. పిట్ట కూస్తే ఫోను దాని పేరు చెప్తుందట! నాకు నవ్వొచ్చింది. "నీకు చెవులు లేవా తల్లీ?" అన్నాను. ఆ పిల్ల కోప్పడలేదు. పొదలోంచి "చెక్, చెక్" మని వస్తున్న చప్పుడు చూపించి, "ఇదేంది తాతా?" అంది.

"ఉడతో, పురుగో. నలభై ఏళ్ల నుంచీ వింటున్నా" అన్నాను.

"బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంట తాతా. రష్యా వైపు నుంచి వస్తుందంట."

నమ్మలేదు. ఆ పొద ముందే కూర్చున్నాం ఇద్దరం. ఇరవై నిమిషాలకు మట్టిరంగు పిట్ట ఒకటి, అరచేతిలో సగం కూడా లేదు, ఆకుల మధ్యన కదిలింది. నోరు తెరిచింది, "చెక్". నా రష్యా బైనాక్యులరులోంచి రష్యా పిట్టను మొదటిసారి చూశాను. నలభై ఏడేళ్లలో అది ఎన్నిసార్లు నా పక్కనే వచ్చి పోయిందో! ప్రతి శీతాకాలం, సరైన టైముకు. నా రిజిస్టరులో ఒక్క ఎంట్రీ లేదు. స్టేషన్ మాస్టరు నిద్రపోయిన కేసు ఇది. ఉద్యోగంలో ఉండి ఉంటే చార్జిషీటు ఇచ్చేవాళ్లు. ఇంటికి పోయి పదకొండు నోటుబుక్కులూ తీసి, ఒక్కోదాని అట్ట మీద ఎర్ర ఇంకుతో "చెక్ పిట్ట: నమోదు కాలేదు" అని రాసి సంతకం పెట్టాను.

అయినా సరే, ఆ పిల్లను కూడా వదల్లేదు. ఫోను పేరు చెప్పగానే లేచి ఇంకో పొద దగ్గరికి పోతుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "పేరు తెలిసింది. ఇంక మనిషి తెలియాలి" అన్నాను. కూర్చుంది. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు వస్తోంది. నేను గెంటెముక్కు కొంగ అంటే తను స్పూన్‌బిల్ అని ఫోనులోకి ఎక్కించి, పక్కన తెలుగులో నా పేరూ టైపు చేస్తుంది. యాప్ ఆ పేరును తీసుకోవడం లేదట, కామెంటు గడిలో పెడుతోంది. మా రిజిస్టరులో రిమార్కుల గడి ఎందుకుందో ఇప్పటి కంప్యూటరు వాళ్లకు కూడా అర్థమైందన్నమాట.

యానాది తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయన గేలం వేసే చోట కట్ట మీద ఇప్పుడు సిమెంటు బల్ల ఉంది. దాని మీద చిప్స్ ప్యాకెట్లు ఏరి చెత్తడబ్బాలో వేసి కూర్చుంటాను.

పన్నెండో నోటుబుక్కులో ఇంకా ముప్పై పేజీలున్నాయి. మోకాళ్లు ఒప్పుకుంటే ఈ శీతాకాలానికి సరిపోతాయి. వచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లు చెరువు నిండాక, డిసెంబరు, జనవరి నెలల్లో రండి. దొరవారిసత్రంలో దిగి ఎవర్ని అడిగినా దారి చూపిస్తారు. ఆరు గంటలకల్లా కట్ట మీద ఉండాలి. ఎర్ర బట్టలు వద్దు. స్పీకర్లు, డ్రోన్లు ఇంటి దగ్గర పెట్టి రండి. తాగడానికి నీళ్లు, వేసుకోవడానికి ఒక స్వెట్టరు, తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం బండి చూసుకోండి. పొద్దున బండికి టికెట్ తీసుకున్నవాళ్లకు నా బల్ల మీద చోటివ్వను.